విశాఖలో ఇంజన్ మార్పు, వందే భారత్ పికప్, కేకే లైన్ ఘాటు: కొత్త బళ్ళతో మిగిలేదెంత

కొత్త ఇంజనో, ట్రైన్‌సెట్టో (వందే భారత్‌లాగా విడి ఇంజన్ లేకుండా, పెట్టెల కిందే మోటార్లున్న బండి) వస్తోందనగానే ముందు వినబడే ప్రశ్న "ఎంత స్పీడు?" అనే. విశాఖ వరకు అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. వందే భారత్ డిజైన్ వేగం గంటకు 180 కి.మీ., నడపడానికి అనుమతించిన గరిష్ఠం 160. మన కోస్తా లైన్లో ఏ బండినీ 130 దాటి పోనివ్వరు. 2023 జనవరి 15న, సంక్రాంతి రోజున మొదలైన విశాఖ–సికింద్రాబాద్ వందే భారత్‌కి ఇచ్చిన టైమింగ్ 699 కి.మీ.కి ఎనిమిదిన్నర గంటలు. భాగిస్తే సగటు 82. నూట అరవై అని పోస్టర్ల మీద రాసుకోవడం వేరు, టైమ్‌టేబుల్ వేరు.

మరి లాభం ఎక్కడ? రెండు చోట్ల ఉంది. ఒకటి పికప్, అంటే ఆగిన బండి వేగం అందుకునే తీరు; రెండోది బండి దిశ మార్చుకునేటప్పుడు పట్టే టైము. విశాఖకి ఈ రెండోదే పెద్దది.

హౌరా–చెన్నై దారిలో వచ్చే బండి విజయనగరం వైపు నుంచి వచ్చినా, దువ్వాడ వైపు నుంచి వచ్చినా మర్రిపాలెం మీదుగానే విశాఖ స్టేషన్లోకి దిగాలి. మళ్ళీ మర్రిపాలెం మీదుగానే బయటికి పోవాలి. అంటే ఇటు నుంచి అటు పోయే ప్రతి బండికీ ఇంజన్ రెండో చివరికి మారాలి. కోరమండల్ లాంటి బండికి ఇక్కడ 20 నిమిషాల హాల్ట్ ఇవ్వడానికి అసలు కారణం ఇదే. నీళ్ళు పట్టడం, సిబ్బంది మారడం ఆ టైములోనే కలిసిపోతాయి. టైము కలిసిరాని బళ్ళని విశాఖలోకి తేకుండా దువ్వాడలో ఆపి, సింహాచలం నార్త్ మీదుగా బైపాస్ చేస్తారు. దువ్వాడలో దిగి ఆటోవాడితో బేరమాడేవాళ్ళందరూ ఆ ఇంజన్ మార్పుకి కడుతున్న పన్ను అది.

ఆ 20 నిమిషాల్లో ఏం జరుగుతుందో విడివిడిగా చూస్తే, కొత్త బళ్ళ విలువ దానంతటదే తెలుస్తుంది. డబ్ల్యూఏపీ-7 (ప్రయాణికుల బళ్ళు లాగే కరెంటు ఇంజన్) తగిలించిన ఎల్‌హెచ్‌బీ రేక్ (కొత్త రకం పెట్టెల వరస) ప్లాట్‌ఫాం మీద ఆగిందనుకోండి. వచ్చిన ఇంజన్ లోపలి చివర ఉండిపోతుంది. బయటి చివర, అంటే మర్రిపాలెం వైపు, ఇంకో ఇంజన్ సిద్ధంగా నిలబడి ఉంటుంది. లోపలి చివర మొదట ఆపాల్సింది హోటల్ లోడ్. పెట్టెల్లో ఏసీ, లైట్లు, ప్యాంట్రీకి కావలసిన కరెంటు ఇంజన్ నుంచే పోతుంది: ఒక్కోటి 500 కేవీఏ చొప్పున రెండు కన్వర్టర్లు, 750 వోల్టులు, త్రీ ఫేజ్. లోకో పైలట్ హోటల్ లోడ్ ఆపి, సర్క్యూట్ బ్రేకర్ తెరిచి, పాంటోగ్రాఫ్ (పై తీగ నుంచి కరెంటు అందుకునే చట్రం) దించిన తర్వాతే ఆ లావు కేబుల్ ప్లగ్గుల మీద చెయ్యి వెయ్యాలి. ఈ వరస తప్పితే ప్రాణం మీదికొస్తుంది. ఈలోగా పెట్టెలు చీకట్లో ఉండకుండా వెనకున్న పవర్ కార్‌లో డీజిల్ జనరేటర్ స్టార్ట్ చేస్తారు. విశాఖ ప్లాట్‌ఫాం మీద ఏసీ పెట్టెలో కూర్చున్నప్పుడు బ్లోయర్ ఒక్కసారి ఆగి, కాసేపటికి మళ్ళీ అందుకుంటుంది చూడండి, అది ఈ మార్పే. లైట్లు మాత్రం 110 వోల్టుల బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంటాయి.

తర్వాత గాలి గొట్టాలు. ఆకుపచ్చ రంగు వేసినది బ్రేక్ పైపు, తెలుపు ఫీడ్ పైపు. రెండింటి యాంగిల్ కాక్‌లు (గాలి ఆపే కవాటాలు) ముందు మూసి, గొట్టాల్లో మిగిలిన గాలి వదిలి, అప్పుడు విడదీస్తారు. కాక్ మూయకుండా విప్పితే గొట్టం పాములా ఎగిరి మొహాన కొడుతుంది. ఆ తర్వాత సీబీసీ కప్లర్ (ఇంజన్నీ పెట్టెల్నీ కలిపి పట్టే కొక్కెం) పిన్ ఎత్తితే ఇంజన్ విడిపోతుంది.

బయటి చివర ఇదంతా తిరగేసి జరుగుతుంది. ఇంజన్ నెమ్మదిగా వచ్చి కప్లర్ పట్టుకున్నాక, నిజంగా లాక్ అయిందో లేదో చూడటానికి ఒకసారి వెనక్కి లాగి చూస్తారు. గొట్టాలు కలిపి కాక్‌లు తెరిస్తే రేక్ అంతా గాలి నిండాలి. ఇంజన్లో చదరపు సెంటీమీటరుకి బ్రేక్ పైపు 5 కేజీలు, ఫీడ్ పైపు 6 కేజీలు. చివర బ్రేక్‌వ్యాన్లో గేజ్ 4.8, 5.8 చూపించాలి. అక్కడితో అయిపోదు. బ్రేక్‌వ్యాన్లో గార్డు (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు) వాల్వ్ తెరిచి ప్రెషర్ పడేస్తే ముందున్న ఇంజన్ గేజ్‌లో ముల్లు పడాలి. దీన్నే కంటిన్యుటీ టెస్ట్ అంటారు. మధ్యలో ఎక్కడో ఒక కాక్ మూసుకుపోయి ఉంటే ఈ పరీక్షలోనే బయటపడాలి. ఇది వదిలేస్తే కాక్ వెనకున్న పెట్టెలకి బ్రేకే ఉండదు.

ఎక్కువగా ఆలస్యమయ్యేది ఎక్కడంటే, గాలి నిండటం దగ్గరా, హోటల్ లోడ్ ప్లగ్గుల దగ్గరా. 22, 24 పెట్టెల రేక్‌లో ఎక్కడో చిన్న లీకు ఉన్నా చివరి గేజ్ 4.6 దగ్గర వేలాడుతుంది. లీకు వెతుక్కుంటూ రేక్ పొడవునా నడవాలి. ప్లగ్గులో వాన నీరో, ఉప్పు తేమో చేరితే ఎర్త్ ఫాల్ట్ చూపించి కన్వర్టర్ ట్రిప్ అవుతుంది. అప్పుడు తుడిచి, ఆరబెట్టి మళ్ళీ తగిలిస్తారు. కుదరకపోతే ఆ ట్రిప్పుకి జనరేటర్ మీదే పోనిస్తారు.

ట్రైన్‌సెట్‌కి ఇందులో దాదాపు ఏదీ లేదు. క్యాబ్ రెండు చివరలా ఉంటుంది. ఈ చివర క్యాబ్ మూసి, ఆ చివర క్యాబ్ తెరిచి, బ్రేక్ పరీక్ష చేసుకుంటే బండి తయార్. అయితే విశాఖలో వందే భారత్‌లు అన్నీ ఇక్కడే మొదలై ఇక్కడే ముగుస్తాయి: సికింద్రాబాద్‌వి రెండు, భువనేశ్వర్‌ది, దుర్గ్‌ది. కాబట్టి ఈ లాభం ఇప్పుడు కనిపించేది బండి తిరుగు ముఖం పట్టేచోట; సికింద్రాబాద్ సంగతే చూడండి. మొదట ఇచ్చిన టైమ్‌టేబుల్ ప్రకారం ఉదయం 5.45కి విశాఖలో బయలుదేరిన బండి మధ్యాహ్నం 2.15కి అక్కడ చేరి, 3 గంటలకి తిరుగు ముఖం పడుతుంది. 45 నిమిషాల్లో దింపి, ఊడ్చి, మళ్ళీ ఎక్కించుకోవడం. ఇంజన్ ఉన్న బండితో ఆ పని చెయ్యాలంటే ఇంజన్ తిప్పడానికే సగం టైము పోతుంది.

విశాఖలో ఆ లాభం నిజంగా తెలిసేది అమృత్ భారత్ రకం బళ్ళు ఈ దారిన ఎక్కువైనప్పుడు. 2023 డిసెంబర్ 30న మొదటి రెండు మొదలైతే, అందులో ఒకటి మాల్దా టౌన్–బెంగళూరు, మన కోస్తా మీదుగా పోయేదే. రెండు చివరలా డబ్ల్యూఏపీ-5 ఇంజన్లు, ఒక్కోటి 6,000 హార్స్‌పవర్. మధ్యలో 22 పెట్టెలు. 12 స్లీపర్లు, 8 జనరల్, చివర్లలో 2 గార్డు పెట్టెలు. ముందు క్యాబ్‌లో లోకో పైలట్ చెప్పినట్టు వెనక ఇంజన్ కూడా నడుస్తుంది; రేక్ పొడవునా పోయే కంట్రోల్ కేబుల్ ద్వారా ఆ ఆదేశం వెళ్తుంది. ఇలాంటి బండి విశాఖలోకి వస్తే ఇంజన్ విప్పే పనే లేదు. సిబ్బంది ఎలాగూ ఇక్కడ మారతారు కాబట్టి కొత్త లోకో పైలట్ బయటి చివరి క్యాబ్ దగ్గరే నిలబడి ఉంటాడు, 550 మీటర్ల ప్లాట్‌ఫాం నడవక్కర్లేదు. బ్రేక్ పరీక్ష మాత్రం తప్పదు. నా లెక్కలో 20 నిమిషాల హాల్ట్ 10కి దిగొచ్చు. దానికంటే కిందికి రాదు. జనరల్ పెట్టెల్లోకి జనం ఎక్కి దిగడానికే అంత పడుతుంది.

దీనిలో చిక్కు ఆ కంట్రోల్ కేబుల్. ఇరవై పైచిలుకు జాయింట్లలో ఏ ఒక్క కనెక్టర్ వదులైనా వెనక ఇంజన్ ముందు క్యాబ్ మాట వినదు. అప్పుడు 78 టన్నుల నాలుగు యాక్సిళ్ళ ఇంజన్ ఒక్కటే 22 పెట్టెలు లాగాలి. సమతలం మీద లాగేస్తుంది కానీ వానలో, చిన్న ఎత్తు మీద ఆగిపోయి మళ్ళీ కదలాలంటే చక్రాలు జారతాయి.

ఇక పికప్. దీనికి హార్స్‌పవర్ కంటే ముందు చూడాల్సింది మోటార్ ఉన్న యాక్సిళ్ళు. డబ్ల్యూఏపీ-7 వెనక 24 పెట్టెలు తగిలిస్తే మొత్తం 102 యాక్సిళ్ళు, లాగేవి 6. బండి బరువు 1,500 టన్నుల పైన ఉంటే, అందులో లాగే చక్రాల మీద ఉన్నది ఇంజన్ సొంత బరువు 123 టన్నులే. పదహారు పెట్టెల వందే భారత్‌లో 64 యాక్సిళ్ళకి 32 మోటార్‌వి. బరువులో సగం లాగే చక్రాల మీదే ఉంది. అందుకే 2022లో వచ్చిన రెండో రకం వందే భారత్ 52 సెకన్లలో 100 అందుకుంటుంది. డబ్ల్యూఏపీ-7కి 24 పెట్టెలతో 110 అందుకోవడానికి 235 సెకన్ల దాకా పడుతుంది.

దీన్ని టైమ్‌టేబుల్ నిమిషాల్లోకి మార్చి చూద్దాం. 235 సెకన్లలో ఇంజన్ బండి సుమారు నాలుగున్నర కి.మీ. పోతుంది. అదే దూరం ఆగకుండా 110లో పోతే 147 సెకన్లు. అంటే ఒక్కసారి ఆగి కదలడంలో పికప్ వరకే 88 సెకన్లు పోయాయి. వందే భారత్ 110కి ఒక నిమిషం తీసుకుందనుకుంటే, ఆ నిమిషంలో పోయేది దాదాపు ఒక కి.మీ., నష్టం 27 సెకన్లు. తేడా ఒక్క నిమిషం. ఆగిన ప్రతి స్టేషన్‌కీ నిమిషం, కాషన్ ఆర్డర్ (ఫలానా చోట వేగం తగ్గించమనే ఆదేశం) మీద 30కి తగ్గి మళ్ళీ ఎత్తుకున్న ప్రతిసారీ అందులో కొంత. మొదట్లో రాజమండ్రి, విజయవాడ, ఖమ్మం, వరంగల్‌లో మాత్రమే ఆగిన సికింద్రాబాద్ వందే భారత్‌కి తర్వాత సామర్లకోట, ఏలూరు చేర్చినా పెద్దగా వెనకబడకపోవడానికి ఇదీ ఒక కారణం. కాబట్టి నన్నడిగితే ట్రైన్‌సెట్‌ని తక్కువ చోట్ల ఆపి గొప్పగా చూపించుకోవడం కంటే, ఎక్కువ చోట్ల ఆపి వాడుకోవడమే దాని బలానికి తగిన పని. తుని, అనకాపల్లి వాళ్ళు స్టాప్ అడగడంలో అన్యాయం ఏమీ లేదు.

కదిలేటప్పుడు కుదుపు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఎల్‌హెచ్‌బీ పెట్టెల మధ్య సీబీసీ కప్లర్లలో కాస్త వదులు ఉంటుంది. ఇంజన్ లాగగానే ఆ వదులు ఒక్కో పెట్టె దగ్గరా బిగుసుకుంటూ వెనక్కి పోతుంది, పై బెర్తులో పడుకున్నవాడికి దెబ్బ తగులుతుంది. వందే భారత్, అమృత్ భారత్ రెండింటిలోనూ పెట్టెల మధ్య సెమీ పర్మనెంట్ కప్లర్లు. ఆ వదులు లేదు. అమృత్ భారత్‌లో పైగా ముందు ఇంజన్ లాగేది సగమే, మిగతా సగం వెనకది తోస్తుంది. ఏసీ లేని బండిలో కూడా కుదుపు లేకుండా పోవడం మంచి మార్పు.

పగలు పరిగెత్తే బండి రాత్రి ఎలా గడుస్తుందో చాలామంది పట్టించుకోరు. రాత్రి 11.30కి విశాఖ చేరి, పొద్దున 5.45కి బయలుదేరే సికింద్రాబాద్ వందే భారత్ రేక్‌కి మధ్యలో ఉన్నది ఆరుంపావు గంటలు. అందులో ప్లాట్‌ఫాం నుంచి పిట్ లైనుకి (బండి కిందికి దిగి పని చేసేలా గొయ్యి ఉన్న లైను), మళ్ళీ ప్లాట్‌ఫాంకి షంటింగ్ పోను నాలుగైదు గంటలు పని జరిగితే గొప్ప. ఆ టైములో బ్రేక్ ప్యాడ్లు, అండర్‌గేర్, తలుపుల సెన్సార్లు చూడాలి, బయో వాక్యూమ్ టాయిలెట్ల ట్యాంకులు ఖాళీ చెయ్యాలి, నీళ్ళు పట్టాలి, లోపలంతా శుభ్రం చెయ్యాలి. చక్రాల కొలతలు, తీరిగ్గా చెయ్యాల్సినవి వారంలో బండి నడవని రోజుకి వాయిదా పడతాయి. అందుకని రాత్రి రెండు గంటలు లేటుగా వస్తే మర్నాడు పొద్దున లేటు దాదాపు ఖాయం. ఇంజన్ బండికైతే షెడ్డులో ఇంకో ఇంజన్ తగిలించి పంపేస్తారు. ట్రైన్‌సెట్‌లో అన్నీ ఒకే ముద్ద. దాని బదులు నిలబెట్టడానికి అలాంటిదే ఇంకో సెట్టు కావాలి. 2025 జనవరిలో ఈ బండిని 16 పెట్టెల నుంచి 20కి పెంచాక అదే పొడవు రేక్ దొరకడం ఇంకా కష్టం.

మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కింద పంచి పెట్టడంలో ఒక మేలుంది. నాలుగేసి పెట్టెలు ఒక యూనిట్, ఆ నాలుగింటిలో రెండింటికి మోటార్లు, యూనిట్‌కి సొంత ట్రాన్స్‌ఫార్మర్. పదహారు పెట్టెల బండిలో ఒక యూనిట్ మూలపడినా మిగతా మూడింటితో, ముప్పావు బలంతో, గమ్యం చేరుతుంది. లేటవుతుంది గానీ లైన్ మీద కూలబడదు.

అసలు కూలబడేది పైన కరెంటు తీగ తెగినప్పుడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఈ ఊరికి చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు డీజిల్ ఇంజనే దిక్కు. ఇంజన్ బండికైతే ముందు తగిలించి లాక్కుపోవచ్చు. వందే భారత్‌కి అలా కాదు: ఫైబర్ ముక్కు తెరవాలి, లోపలున్న ఆటోమేటిక్ కప్లర్ మామూలు ఇంజన్ సీబీసీకి కలవదు కాబట్టి మధ్యలో ట్రాన్సిషన్ కప్లర్ బిగించాలి, ఆ తర్వాత గాలి గొట్టాలు. అలవాటు లేని చేతులకి ఇది చీకట్లో, వానలో గంట పని. దేశంలో డీజిల్ ఇంజన్లన్నీ వదిలించుకుందామనేవాళ్ళు తుపాను తీరంలో కొన్నింటిని పక్కన ఉంచుకోవాలని నా వాదన.

ముక్కు గురించి ఇంకో మాట. గేదె తగిలి ముక్కు పగిలిన ఫోటో వచ్చినప్పుడల్లా "చూశారా నాసిరకం" అని మొదలుపెడతారు. అది పగలడానికే పెట్టిన తొడుగు. లోపల కప్లర్‌కి, క్యాబ్‌కి దెబ్బ తగలకుండా, ఊడదీసి కొత్తది బిగించుకునేలా చేశారు. నిజంగా ఖరీదైన తలనొప్పి పక్క అద్దాలు. ప్రారంభానికి ముందే 2023 జనవరిలో కంచరపాలెం దగ్గర రాళ్ళు పడి ఈ రేక్ అద్దాలు పగిలాయి. ఆ పెద్ద అద్దాన్ని మార్చాలంటే అతుకు విప్పి, చట్రం శుభ్రం చేసి, కొత్తది అతికి ఆరనివ్వాలి. ఉన్న ఆరు గంటల రాత్రిలోంచే ఆ టైము తీయాలి.

విశాఖకి ఉన్న ఇంకో బెడద ఉప్పు గాలి, పోర్టు దుమ్ము కలిసి ఇన్సులేటర్ల మీద పట్టే పొర. పొడిగా ఉంటే ఏమీ కాదు. చలికాలం తెల్లవారుజామున మంచు తడి దాని మీద పడితే పొర కరెంటు పారే దారి అవుతుంది. 25,000 వోల్టులు ఇన్సులేటర్ మీదుగా చిటపటమని పాకి, ఒక్కోసారి ఫ్లాష్ ఓవర్ అయి సబ్‌స్టేషన్లో బ్రేకర్ పడిపోతుంది. పాంటోగ్రాఫ్ దగ్గరున్న రూఫ్ ఇన్సులేటర్లకీ అంతే. వాటిని తుడవడం పైకి చిన్నపనిలా ఉంటుంది, ఈ తీరంలో అదే పెద్దపని.

ఇప్పుడు కేకే లైన్. కొత్తవలస–కిరండోల్ ఘాటులో (కొండదారిలో) 1 ఇన్ 60 ఎత్తు (60 మీటర్లకి ఒక మీటరు), శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల పైన. ఇక్కడ 160, 130 లెక్కలు ఎవరికీ అక్కర్లేదు. ఎత్తు మీద ఒక్కో వెయ్యి టన్నులకీ వెనక్కి లాగే బలం 163 కిలోన్యూటన్లు. దానికి మలుపుల రాపిడి అదనం. డబ్ల్యూఏపీ-7 కదిలేటప్పుడు ఇచ్చేది 322. లెక్కకి 1,400 టన్నుల రేక్‌ని కూడా లాగాలి, ఇంజన్ బరువుతో కలిపి కావలసింది దాదాపు 250. కానీ టన్నెల్ మూతి దగ్గర పట్టా తడిగా ఉంటే ఆ బలం పట్టాకి అందదు, చక్రం ఊరికే తిరుగుతుంది. ఇసుక వెయ్యాలి. ఒకప్పుడు స్వీడన్ ఏఎస్‌ఈఏ నుంచి ఆరు, జపాన్ హిటాచీ నుంచి పన్నెండు డబ్ల్యూఏజీ-6 గూడ్సు ఇంజన్లు తెప్పించి ఈ లైన్లో నడిపి చూశారు.

ఎక్కడం కంటే దిగడం అసలు పరీక్ష. బైలదిల్లా ఖనిజంతో నిండిన బండి అనంతగిరి ఘాటు దిగి పోర్టుకి రావాలి. డబ్ల్యూఏజీ-5 లాంటి పాత ఇంజన్లు దిగేటప్పుడు మోటార్ల కరెంటుని రెసిస్టర్లలో వేడిగా మార్చి గాలిలో వదిలేస్తాయి. డబ్ల్యూఏజీ-9, డబ్ల్యూఏపీ-7 అదే కరెంటుని తీగలోకి తిప్పి పంపుతాయి. అదే సెక్షన్లో ఎక్కుతున్న ఖాళీ రేక్ దాన్ని వాడుకుంటుంది. బ్రేక్ బ్లాకుల అరుగుదల కూడా తగ్గుతుంది. 2017 ఏప్రిల్‌లో విస్టాడోమ్ అద్దాల పెట్టె వచ్చినప్పటి నుంచి అరకు వెళ్ళేవాళ్ళు అద్దాలే చూస్తున్నారు గానీ, దిగేటప్పుడు బ్రేకుల కాలిన వాసన వస్తోందా లేదా గమనిస్తే ముందున్న ఇంజన్ ఏ తరానిదో ఊహించవచ్చు.

ఇంజన్ గుర్తుపట్టడానికి ఇంకా తేలిక దారులున్నాయి. డబ్ల్యూఏపీ-7 నంబర్లు 30201తో మొదలై, తర్వాత 37, 39 వేలల్లోకి పోయాయి. డబ్ల్యూఏపీ-4 నంబరు 22తోనో 25తోనో మొదలవుతుంది. నంబరు పక్కన షెడ్ పేరు ఉంటుంది: విశాఖలో లాలాగూడ, రాయపురం, సంత్రాగాచి ఎక్కువగా కనబడతాయి. చెవితో పట్టుకోవాలంటే, డబ్ల్యూఏపీ-4 కదిలేటప్పుడు ట్యాప్ ఛేంజర్ ఒక్కో నాచ్‌కీ టకటకమంటుంది, బ్లోయర్ల హోరు దాన్ని మింగేస్తుంది. పాత జీటీఓ కన్వర్టర్లున్న డబ్ల్యూఏపీ-7 స్వరం మెట్లు మెట్లుగా పెరుగుతుంది. తర్వాత వచ్చిన ఐజీబీటీ వాటిలో ఆ మెట్లు వినబడవు, సన్నని కూత ఒక్కటే. వందే భారత్ కదిలేటప్పుడు శబ్దం వినాలంటే చివరి పెట్టె దగ్గర నిలబడి లాభం లేదు, మోటార్ ఉన్న మధ్య పెట్టెల దగ్గర నిలబడాలి.